మంచు దీవికి తుఫాను సంచి

తెనాలిలో మార్చి నెలలో మంకీ క్యాప్ దొరకదు. మెయిన్ బజార్లో నాలుగు షాపులు తిరిగాను. "సీజన్ అయిపోయింది సార్, కార్తీకమాసంలో రండి" అన్నారు మూడు చోట్ల. నాలుగో షాపాయన మాత్రం ఫ్యాను కింద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఇప్పుడెందుకని అడిగాడు. మంచు దీవికి వెళ్తున్నానని చెప్పాను. "మనాలీనా?" అన్నాడు. దీవి అన్నమాట ఆయన పట్టించుకోలేదు. తప్పులేదు. మనకి దీవి అంటే దివిసీమ, లేదంటే అండమాన్. రెండు చోట్లా చెమటే.

నేను వెళ్తున్నది స్వాల్‌బార్డ్‌కి. నార్వే దేశపు ఉత్తరపు కొసకీ ఉత్తర ధ్రువానికీ మధ్యలో, సగం దారిలో ఉంటుంది. 78 డిగ్రీల అక్షాంశం. అందరం దిగే ఊరి పేరు లాంగియర్‌బ్యెన్. జనాభా రెండున్నర వేలు, అంటే మా వైపు ఒక మాదిరి పల్లెటూరు. బొగ్గు గనుల కోసం పుట్టిన ఊరది. గని నుంచి వచ్చినవాళ్ళు బొగ్గుమసి లోపలికి తేకుండా బూట్లు గుమ్మంలోనే విప్పేవాళ్ళట. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. హోటళ్ళలో, మ్యూజియంలో కూడా చెప్పులు బయటే. ఈ ఒక్క ముక్క చెప్తే అమ్మకి ఆ ఊరి మీద కాస్త గౌరవం కలిగింది.

మన దేశపు ఆర్కిటిక్ పరిశోధన కేంద్రం హిమాద్రి కూడా ఆ దీవుల్లోనే ఉంది, 2008 నుంచి. అదే ఏడాది అక్కడి ఒక కొండ లోపల ప్రపంచ విత్తన భాండాగారం తెరిచారు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నుంచి జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలు వెళ్ళి ఆ మంచు కొండలో భద్రంగా కూర్చున్నాయి. మా ఇంట్లోవాళ్ళ కంటే ముందే మా కందిపప్పు ఆ ఊరు చూసింది. నేను వెళ్తున్నది మాత్రం ఫోటోల కోసం. ధ్రువపు ఎలుగుబంటి, పొట్టికాళ్ళ రెయిన్‌డీర్, శీతాకాలమంతా తెల్లగా మారిపోయి అక్కడే ఉండిపోయే టార్మిగన్ పక్షి. పన్నెండు రోజులు. రెండేళ్ళ బోనస్.

ట్రిప్పు నడిపేవాళ్ళు పంపిన సామాన్ల జాబితా మూడు పేజీలుంది. మార్చి చివర్లో అక్కడ మైనస్ పది, పదిహేను మామూలే. స్నో స్కూటర్ మీద వెళ్తున్నప్పుడు గాలి తగిలితే అంతకంటే ఘోరం. జాబితాలో మొదటి హెచ్చరిక: కాటన్ వద్దు. గుంటూరు జిల్లావాడితో అనాల్సిన మాటేనా అది! పత్తి పండించి, పత్తి అమ్మి, పత్తిలోనే పుట్టి పెరిగినవాళ్ళం. కానీ కారణం వింటే కాదనలేం. కాటన్ చెమటని పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది. అందుకే మన ఎండలకి అది హాయి. చలిలో ఆ తడి ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. కాబట్టి ఒంటిని ఆనుకుని పల్చటి ఉన్ని, దానిమీద మందపాటిది, పైన గాలి దూరనిది. మూడు పొరలు. మారిస్‌పేట ఇంట్లో, ముప్పయ్యారు డిగ్రీల్లో, ఈ మూడూ వేసుకుని అద్దం ముందు నిలబడితే అమ్మ పడీపడీ నవ్వింది. నాన్న పోయిన ఈ మూడేళ్ళలో ఆమె అంతసేపు నవ్వడం నేను చూడలేదు.

నవ్వయ్యాక అడిగింది. "అంత దూరం ఫోటోకేనా నాన్నా?"

ఫోటోకే. కాకపోతే ఆమె అడిగింది ఫోటో గురించి కాదని ఇద్దరికీ తెలుసు. హైదరాబాద్ నుంచైతే రాత్రి బండెక్కితే తెల్లారేసరికి తెనాలి. అక్కడి నుంచి కనీసం రెండు రోజులు. అందులోనూ ఊరు దాటి మంచులోకి వెళ్ళాక ఫోనుకి సిగ్నల్ ఉండదు. అమ్మకి షుగరూ, బీపీ రెండూ ఉన్నాయి. ఒక్కతే ఉంటుంది. నేనొక్కణ్ణే కొడుకుని.

నేను జాబితా చూసి టిక్కులు పెట్టుకుంటూ బ్యాగు సర్దుతుంటే, అమ్మ మంచం అంచున కూర్చుని చూసింది. కాసేపాగి, సర్దినదంతా తీసి నేల మీద పోసింది. "ఇట్లా కాదు. తుఫాను సంచి సర్దినట్టు సర్దాలి."

తుఫాను సంచి గురించి చెప్పాలి. అమ్మ పుట్టిల్లు రేపల్లె దిగువన, సముద్రం వైపు. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన అంటాం గానీ ఆ నీళ్ళకి జిల్లాల సరిహద్దులు తెలీవు. కృష్ణకి ఇటు ఒడ్డునా వచ్చాయి. పదివేల మందికి పైగా పోయారు. అమ్మకప్పుడు ఎనిమిదేళ్ళు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క డాబా మీద రాత్రంతా గడిపారు. చేతిలో ఏమీ లేదు. తెల్లారాక అగ్గిపుల్ల కూడా లేదు వెలిగించుకోడానికి. అగ్గిపెట్టె ఇంట్లోనే ఉండేది, కానీ ఎక్కడుందో ఆ చీకట్లో ఎవరికీ తెలీదు. ఆ మాట అమ్మమ్మ పోయేదాకా చెప్తూనే ఉంది.

ఆ తర్వాతి ఏడాది నుంచి దసరా వెళ్ళగానే అమ్మమ్మ ఒక సంచి కట్టి దూలం మేకుకి తగిలించేది. అటుకులు, బెల్లం, కొవ్వొత్తి, నూనె కాగితంలో చుట్టిన అగ్గిపెట్టె, పొలం కాగితాలు, ఒక చీర, పంచె. సంక్రాంతి దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అమ్మ తెనాలికి కోడలిగా వచ్చాక ఇక్కడా అదే ఆచారం. ఇప్పుడు అందులో టార్చి, మందులు, ఆధార్ కార్డు చేరాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటుతున్నప్పుడు హైదరాబాద్ నుంచి కంగారుగా ఫోన్ చేస్తే, "సంచి కట్టేశాలే, నువ్వు అన్నం తిన్నావా?" అని అడిగింది.

ఆ సంచికి అమ్మమ్మ పెట్టిన నియమం ఒక్కటే. ఏ వస్తువైనా చీకట్లో చేత్తో తడిమితే దొరకాలి. అందుకని ఒక అరలో ఒకటే వస్తువు. ఒకేలా చేతికి తగిలే రెండు వస్తువులు పక్కపక్కన ఉండకూడదు. తడవకూడనివి పైన, ముందు కావాల్సినవి ఇంకా పైన.

ఇది ధ్రువప్రాంతపు ఫోటోగ్రాఫర్ల జాబితాలో లేదు. కానీ ఆలోచిస్తే అక్కడ అవసరమైంది ఇదే. లావుపాటి చేతి తొడుగులు వేసుకున్నాక వేళ్ళకి చూపుండదు. చిన్న జిప్పు కొస పట్టు చిక్కదు. తొడుగు తీసి వెతుక్కుంటూ కూర్చుంటే చెయ్యి కొంకర్లు పోతుంది. అమ్మ తన పాత లంగా నాడాలు కత్తిరించి బ్యాగుకున్న ప్రతి జిప్పుకీ ఒక ఉచ్చు కట్టింది. బ్యాటరీల అరకి ఒక ముడి, మెమరీ కార్డుల అరకి రెండు ముళ్ళు, మందుల అరకి మూడు. అరవై వేల బ్యాగుకి ఎర్రనాడా, పచ్చనాడా వేలాడుతుంటే చూడ్డానికి జాతరలో గంగిరెద్దులా ఉంది. కళ్ళు మూసుకుని, చేతులకి తొడుగులు వేసుకుని, ఏ అర అడిగితే ఆ అర తెరిచి చూపించాకే ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది.

చలి ఎలా ఉంటుందో చూడ్డానికి రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. వేమూరు, భట్టిప్రోలు దాటి చివరి స్టేషన్. చలికీ రేపల్లెకీ ఏం సంబంధం అంటే, రొయ్యలు. నిజాంపట్నం హార్బరూ, ఊళ్ళ చుట్టూ చెరువులూ ఉన్న ప్రాంతం. మా మావయ్య కొడుకు ఒక రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజర్. ప్యాక్ చేసిన రొయ్యని మైనస్ 18లోనో, అంతకంటే తక్కువలోనో ఉంచాలి. అంటే స్వాల్‌బార్డ్‌లో ఒక మామూలు చలిరోజు మా బావ తలుపు వెనకాల ఎప్పుడూ ఉంటుంది. పై అధికారుల్ని అడిగి, ఒక పావుగంట నన్నూ కెమెరానీ లోపలికి పంపించాడు.

పావుగంట చాలు. పూర్తి ఛార్జింగ్‌తో తీసుకెళ్ళిన బ్యాటరీ గుర్తు కళ్ళముందే ఒక గీత తగ్గింది. చలికి బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది కాబట్టి ఉన్న శక్తి కూడా బయటికి రాదు. దాన్ని తీసి చంకలో పెట్టుకుని కాసేపాగితే మళ్ళీ కొంత పుంజుకుంది. కాబట్టి బ్యాటరీలు బ్యాగులో కాదు, ఒంటిని ఆనుకున్న జేబులో ఉండాలి. విమానంలో ఎలాగూ లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో వెయ్యనివ్వరు, చేతి సంచిలోనే ఉండాలి. రెండోది, వ్యూఫైండర్‌కి కన్ను ఆనించి ఊపిరి వదిలితే అద్దం మీద ఆవిరి కాదు, సన్నటి మంచే పడుతుంది. ఊపిరి పక్కకి వదలడం అభ్యాసం చెయ్యాలి. మూడోది, లావు తొడుగుతో షట్టర్ నొక్కితే ఒకటి అనుకుంటే ఆరు ఫోటోలు పడతాయి. లోపల పల్చటి తొడుగు, పైన నాలుగు వేళ్ళూ కలిసుండే సంచిలాంటి తొడుగు. నొక్కేటప్పుడు పైది తీసి, వెంటనే వేసుకోవాలి.

బయటికొచ్చి వేళ్ళు రుద్దుకుంటుంటే రొయ్యలు ఒలిచే హాలు ముందు టీ తాగుతున్న ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఐసులో చేతులు పెట్టి పనిచేసేవాళ్ళు. మా డెల్టాలో చలిని బతుకుతెరువు చేసుకున్నవాళ్ళు వీళ్ళే. ఎవరికీ స్వాల్‌బార్డ్ అక్కర్లేదు. వాళ్ళలో పెద్దావిడ నా తొడుగులు అటూ ఇటూ తిప్పి చూసి, "చెయ్యి కొంకర్లు పోయాక తీస్తే లాభం లేదు బాబూ. పోతుందనిపించకముందే తియ్యాలి. వేళ్ళు తెలీకుండా పోయాయంటే అప్పటికే ఆలస్యమైనట్టు" అంది. బొటనవేలిని పిడికిట్లో ముడుచుకోమని చేసి చూపించింది. ఆమె వేళ్ళ కొసలు తెల్లగా నానిపోయి, గీతలు పడి ఉన్నాయి. నా తొడుగుల ఖరీదు అడిగింది. సగం చెప్పాను. ఆ సగానికే అమ్మో అంది.

మంచు కంటే కెమెరాకి ఎక్కువ ప్రమాదం ఇంట్లోకి రావడం. చల్లటి లెన్సుని వెచ్చటి గదిలోకి తెస్తే గాలిలోని తేమ దానిమీద నీళ్ళై కూర్చుంటుంది. ఒక్కోసారి లోపల కూడా. కొత్త సంగతేం కాదిది. బాపట్లలో ఏసీ లాడ్జి గదిలో పడుకుని, తెల్లారకముందే సూర్యలంక బీచికి వెళ్ళి కెమెరా తీసిన ఎవరికైనా తెలుసు. పది నిమిషాలు లెన్సులో పొగమంచు తప్ప ఏమీ కనపడదు. ఇక్కడ బయటికెళ్తే జరిగేది అక్కడ లోపలికొస్తే జరుగుతుంది, అంతే తేడా. మందు ఒకటే. తలుపు దాటకముందే కెమెరాని పాలిథీన్ కవర్లో పెట్టి గాలి తీసేసి మూతి బిగించాలి. గది వేడికి వచ్చేదాకా, రెండు మూడు గంటలు, తియ్యకూడదు. నీళ్ళు కవరు మీద పడతాయి, కెమెరా మీద కాదు. పొలం కాగితాల కోసం అమ్మ దాచిన జిప్ కవర్లలో పెద్దవి రెండు నా వాటాకి వచ్చాయి.

తెలుపుని ఫోటో తియ్యడం నేర్చుకోడానికి బాపట్ల నుంచి చీరాల మీదుగా చినగంజాం వెళ్ళాను. ఉప్పు కొఠార్లు. మార్చి ఎండలో కుప్పలు కుప్పలుగా ఉప్పు, కళ్ళు విప్పలేం. కెమెరా మీటరు లోకంలో ప్రతిదీ బూడిదరంగేనని అనుకుంటుంది. దాని మానాన వదిలేస్తే ఉప్పుకుప్ప సిమెంటు కుప్పలా వస్తుంది. వెలుగు ఒక స్టాపు, ఒకటిన్నర స్టాపు పెంచితేనే తెలుపు తెలుపవుతుంది. అంతకంటే పెంచితే రేణువులన్నీ మాసిపోయి తెల్ల కాగితమే మిగులుతుంది. ఉప్పు ముందు నిలబడ్డ తెల్లకొంగ నాకు ఎలుగుబంటి. దాని రెక్కల్లో నీడలు కనిపించేదాకా తీస్తూ కూర్చున్నాను.

అక్కడే లెన్సు సంగతి తేలింది. 2025 జనవరి 1 నుంచి స్వాల్‌బార్డ్‌లో ధ్రువపు ఎలుగుబంటికి కనీసం 300 మీటర్ల దూరంలో ఉండాలి. మార్చి 1 నుంచి జూన్ 30 దాకా 500 మీటర్లు. నేను వెళ్ళేది ఆ రోజుల్లోనే. లెక్క కట్టాను. రెండున్నర మీటర్ల ఎలుగుబంటి 500 మీటర్ల దూరంలో ఉంటే, 600 ఎం.ఎం. లెన్సు దాన్ని సెన్సర్ మీద 3 మిల్లీమీటర్లుగా చూపిస్తుంది. సెన్సర్ వెడల్పు 36. పటంలో పన్నెండో వంతు. 400 ఎం.ఎం. లెన్సుతో అయితే 2 మిల్లీమీటర్లు. ఎలా చూసినా కళ్ళలోకి చూసే ఫోటో రాదు.

మొదట ఉసూరుమనిపించింది. కానీ కొఠారు గట్టు మీద కూర్చుని కొంగని దగ్గరగా తీసిన వంద ఫోటోలూ, దూరంగా తీసిన పదీ చూసుకుంటే, నిలిచినవి దూరానివే. అంత ఉప్పులో అంత చిన్న కొంగ. దగ్గరవి ఏ ఊరి కొంగైనా కావచ్చు. దూరానివి మాత్రం చినగంజాం. అలాగే, ఎలుగుబంటి మొహం జంతుప్రదర్శనశాలలో కూడా దొరుకుతుంది. అంత మంచులో అది ఒక్కటే నడవడం అక్కడే దొరుకుతుంది. రెండు కిలోల పెద్ద లెన్సు తెనాలి బీరువాలో ఉండిపోయింది. చిన్నది చాలు.

అమ్మ పచ్చళ్ళ వాటాలోనూ కోత పడింది. పాలు, మాంసంతో చేసినవి ఐరోపా బయటి నుంచి నార్వేలోకి తీసుకెళ్ళకూడదు. కాబట్టి నెయ్యి లేదు, పెరుగులో ఊరబెట్టిన చల్ల మిరపకాయలు లేవు. కందిపొడి, కరివేపాకు పొడి మిగిలాయి. బూట్లు మాత్రం జాబితా చెప్పినట్టే చేశాను. అడుగు గాడుల్లో మట్టి, జేబు మూలల్లో గడ్డి గింజలు, వెల్‌క్రోలో పల్లేరుకాయ ముళ్ళు ఏవీ ఉండకూడదు. బయటి విత్తనం ఆ నేల మీద పడకూడదు. పాత టూత్‌బ్రష్‌తో రేపల్లె నల్లమట్టి గీకి తీస్తుంటే అమ్మ, "మన మట్టి వాళ్ళకి చేదా?" అంది. విత్తన భాండాగారం సంగతి గుర్తుచేశాను. పెట్టెలో పెట్టి తాళం వేస్తే కందిగింజకి ఆ దీవిలో చోటుంది, బూటుకి అంటుకుని వెళ్తే లేదు.

చివరికి మిగిలింది రెండో జాబితా. ఇది నా కోసం కాదు. ఫ్రిజ్ తలుపు మీద పెద్దక్షరాలతో రాసి అంటించాను. పొద్దున మాత్రలు, రాత్రి మాత్రలు, ఎదురింటి అత్తయ్యగారి నంబరు, డాక్టరుగారి నంబరు, బావ నంబరు, నేను సిగ్నల్‌లో ఉండని తేదీలు. ఎదురింటావిడ రోజూ పొద్దున్నే ఒకసారి తలుపు తడతానంది. బావ రెండ్రోజులకోసారి రేపల్లె నుంచి వస్తానన్నాడు. ఇదంతా రాసి, మందులు వారం డబ్బాల్లో సర్దుతుంటే అమ్మ అంది, "నేను ఉప్పెన చూసినదాన్నిరా. నీకు చెప్పకుండా పోనులే." నవ్వుతూనే అంది. నాకు డబ్బా మూత పెట్టడానికి కాస్త టైం పట్టింది.

బ్యాగులో పెట్టే ప్రతి వస్తువూ ఏదో ఒక భయానికి సమాధానం. చలికి తొడుగు, తేమకి కవరు, చీకటికి నాడా ముడి. ఈ ఒక్క భయానికి మాత్రం అర లేదు. ఎంత సర్దినా, నేను అక్కడ మంచులో ఉన్న మూడు రోజులూ ఇక్కడ ఫోను మోగితే నాకు వినపడదు. దాన్ని బ్యాగులో పెట్టలేను, ఇంట్లో వదిలి వెళ్ళలేను. మానేస్తానని ఒక రాత్రి అన్నాను. "నా పేరు చెప్పి మానేస్తే ఆ మాట రేపు నేను మొయ్యాలి. వెళ్ళిరా" అంది. వాదించడానికి ఏమీ మిగల్చలేదు.

ఉగాది పచ్చడి తిన్న వారానికి ప్రయాణం. మొన్న ఆదివారం సూర్యలంక వెళ్తే శాండర్లింగులు ఇంకా అక్కడే ఉన్నాయి. అల వెనక్కి పోతుంటే వెంటపడి, అల వస్తుంటే వెనక్కి పరుగెత్తే బుల్లి ఉల్లంకి పిట్టలు. ధ్రువానికి దగ్గరి టుండ్రా నేలల్లో గుడ్లు పెట్టి, చలికాలం మన ఒడ్డుకి వస్తాయి. స్వాల్‌బార్డ్‌లో కూడా కొద్దిగా గూళ్ళు కడతాయి. మామూలుగా యాభై, అరవై గ్రాములుండే పిట్ట ప్రయాణానికి ముందు తిని తిని వంద గ్రాముల దాకా అవుతుంది. దాని సామానంతా ఒంట్లో కొవ్వే. దీని జాతిలోనే పెద్దవైన గాడ్విట్‌లు దూరప్రయాణం ముందు పొట్టలో పేగుల్ని కూడా కుదించుకుంటాయి, బరువు తగ్గడానికి. అలాంటి ఒక పిల్ల గాడ్విట్ 2022లో అలాస్కా నుంచి టాస్మేనియాకి 11 రోజుల్లో ఎక్కడా ఆగకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరింది.

శాండర్లింగులు ఇంకో నెల దాకా ఇక్కడే తింటాయి. నేను వాటికంటే ముందు వెళ్తున్నాను, పదమూడు కిలోలతో. అందులో మంకీ క్యాప్ ఒకటి. షాపుల్లో దొరకలేదు, నాన్నది. జాబితాలో దాని పేరు బలక్లావా.